ఓవెన్ జిడ్డు: అరగంటలో పోయేది, పోనిది

ఓవెన్ త్వరగా శుభ్రం చేయడం ఎలా అని ఎక్కడ వెతికినా ఒకటే వీడియో ఎదురవుతుంది. వంటసోడా చల్లుతారు, పైన వెనిగర్ పోస్తారు, బుసబుసమని నురగ పొంగుతుంది, తర్వాతి షాట్‌లో ఓవెన్ మిలమిల మెరుస్తుంది. మధ్యలో కత్తిరించేసిన భాగం మాత్రం చూపించరు. అసలు పని జరిగింది అక్కడే. ఆ నురగకి జిడ్డుతో పెద్దగా సంబంధం లేదు. వంటసోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. రెండూ కలవగానే ఒకదాని బలాన్ని ఇంకొకటి తినేస్తుంది. పొంగిన గాలి కార్బన్ డయాక్సైడ్, అది పోయాక మిగిలేది కాస్త సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లు. ఆ బుడగలు మహా అయితే వదులుగా ఉన్న రెండు పెళ్లల్ని కదిలిస్తాయి.

తీరిక ఉన్న రోజైతే ఇలాంటి చిట్కా పనిచేయకపోయినా నష్టం లేదు. టైమ్ లేని రోజే టెన్షన్. సాయంత్రం ఆరింటికి చుట్టాలొస్తున్నారు, నాలుగున్నరకి ఓవెన్ తలుపు తీస్తే పోయిన వారం తందూరీ చికెన్ నుంచి కారిన నూనె నల్లగా అట్టకట్టి కనిపించింది. అప్పుడు ఇంకో పొడి పేరు తెలిసి లాభం లేదు. లోపల ఉన్న మురికి ఏ రకం, దానిలో ఈ గంటలో వదిలేది ఎంత అన్నది తేల్చుకోవాలి. తేల్చుకుంటే అందులో చాలా భాగం ఇవాళ ముట్టుకోనక్కర్లేదని అర్థమవుతుంది.

ఆ నలుపు అసలేమిటి

ఓవెన్‌లో పేరుకునేదంతా ఒకటే మురికి కాదు. అన్నిటికన్నా పైన ఉండేది తాజా జిడ్డు. నిన్నో మొన్నో చిందిన నూనె, వెన్న, చీజ్ నుంచి కారిన కొవ్వు. వేలితో తాకితే అంటుకుంటుంది. దీనికి వేడినీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ చాలు.

దాని కింద గోధుమరంగులో, గోకితే గోరు జారిపోయేంత గట్టి పొర ఒకటి ఉంటుంది. నూనె పదే పదే వేడెక్కితే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి దాని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడిపోతాయి. అలా ముడిపడి పాలిమర్ అయ్యాక అది నూనె లక్షణాలు వదిలేసి వార్నిష్‌లా ప్రవర్తిస్తుంది. ఇనప దోశ పెనం మీద ఏళ్ల తరబడి నూనె రాసి కాల్చగా కాల్చగా ఏర్పడే నల్లటి నిగారింపు ఉంది చూశారా, అట్టు అంటుకోకుండా లేచొచ్చేది దాని పుణ్యమే. ఓవెన్ గోడ మీద ఉన్నదీ అచ్చంగా అదే పదార్థం. పెనం మీద దాన్ని కష్టపడి తెచ్చుకుంటాం, ఓవెన్‌లో తిట్టుకుంటూ గీకుతాం. పెనం ఒక్కసారి కడిగితే ఆ నిగారింపు పోదు కదా, ఓవెన్‌లో మాత్రం ఎందుకు పోతుంది?

మూడోది బొగ్గు. గిన్నె దాటి పొంగిన కేక్ పిండి, కారిన చక్కెర పాకం, మసాలా పెరుగు చుక్కలు, ఏవైనా సరే అడుగున పడి మళ్లీ మళ్లీ మాడితే చివరికి మిగిలేది దాదాపుగా కార్బన్. దాన్ని కరిగించే వస్తువు మామూలు ఇంట్లో ఏదీ లేదు. సోడాకి కరగదు, వెనిగర్‌కి కరగదు, నిమ్మకాయకి అసలే కరగదు. గీకి తీయాలి, లేదా ఇంకా ఎక్కువ వేడిలో పూర్తిగా కాల్చి బూడిద చేయాలి. రెండో పని ఎలా చేస్తారో తర్వాత చెప్తాను.

ఇంతకీ ఓవెన్ వేడెక్కగానే వంటిల్లంతా పొగ ఎందుకు కమ్ముతుంది? బొగ్గు వల్ల కాదు. అది కాలాల్సినంత ఎప్పుడో కాలిపోయింది. పొగా, మాడు వాసనా, ఒక్కోసారి మంట అంటుకునే ప్రమాదమూ తాజా జిడ్డు వల్ల, సగం మాడిన ముక్కల వల్ల. అంటే అన్నిటికన్నా తేలిగ్గా వదిలేదే అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది. కాబట్టి టైమ్ లేని రోజు మొదటి రకాన్ని పూర్తిగా తీసేయాలి, రెండోదాన్ని కుదిరినంత పలచన చేయాలి, మూడోదానిలో కదిలే పెళ్లలు మాత్రం తీసి మిగతాది వదిలేయాలి. గోడకి గట్టిగా కరుచుకున్న నల్ల మచ్చ మీ కేకును ఏమీ చేయదు. వీడియోలవాళ్లు ఈ మాట చెప్పరు. మచ్చలున్న ఓవెన్ థంబ్‌నెయిల్‌కి పనికిరాదు మరి.

బూడిద పని బూడిదది, చింతపండు పని చింతపండుది

ఆమ్లం దేనికి, క్షారం దేనికి అన్నది తెలుగు వంటింటికి కొత్త పాఠం కాదు. రోజూ వాడే గిన్నెలకి బూడిద, కొబ్బరి పీచు. ఇత్తడి బిందెలకి, రాగి చెంబులకి చింతపండు. పండగ ముందు రోజు పెరట్లో రెండూ పక్కపక్కనే ఉండేవి కానీ ఎవరూ ఒకదాని బదులు ఇంకొకటి వాడేవారు కాదు. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది, అది క్షారం. జిడ్డులో కొంత భాగాన్ని సబ్బుగా మార్చేస్తుంది, మిగతాదాన్ని బూడిద గరుకుతనం రుద్దేస్తుంది. చింతపండులో ఉండేది టార్టారిక్ ఆమ్లం. ఇత్తడి మీదా రాగి మీదా పట్టే చిలుములో ఎక్కువ భాగం లోహపు ఆక్సైడ్, అది ఆమ్లంలో కరుగుతుంది. నూనె మూకుడికి చింతపండు రాస్తే మాత్రం మూకుడు పుల్లబడుతుంది, అంతే.

ఓవెన్‌లో ఉన్నది చిలుము కాదు, జిడ్డు. కాబట్టి కావాల్సింది బూడిద జాతి సరుకు. ఆ జాతిలో ఏది ఎంత ఘాటో పీహెచ్ చూస్తే తెలుస్తుంది, అంటే ఆమ్లమో క్షారమో చెప్పే కొలత. మంచినీళ్లు 7 దగ్గర ఉంటాయి. వంటసోడా కలిపిన నీళ్లు 8.3 దగ్గర. పీహెచ్‌లో ఒక్క అంకె పెరిగితే క్షారత పది రెట్లు పెరుగుతుంది కాబట్టి ఇది మరీ సాధువే. వంటసోడా పేస్టు పూసి రాత్రంతా వదిలేయమని చెప్పడానికి కారణం ఆ బలహీనతే, బలం లేనిచోట టైమ్ పోసి సరిపెడుతున్నారు. బట్టల సోడా, అంటే సోడియం కార్బొనేట్, 11 దగ్గర ఉంటుంది. ఇది చాలా చురుకైనది, చేతులకి గ్లౌజులు వేసుకోవాల్సిందే. ఇక కాస్టిక్ సోడా 13, 14 దగ్గర. బజారులో దొరికే ఘాటైన ఓవెన్ క్లీనర్ స్ప్రేలలో చాలావాటికి ప్రాణం ఇదే. ఆ వార్నిష్ పొరను అరగంటలో మెత్తబరచగలిగేది మామూలు మనుషులకి అందుబాటులో ఉన్నవాటిలో దాదాపు ఇదొక్కటే. మన చర్మంలోనూ కొవ్వుంది, కంటి పొరలు ఇంకా సున్నితం. కాస్టిక్ సోడాకి ఆ తేడా తెలియదు.

వెనిగర్‌కి పని లేదా అంటే ఉంది, చివర్లో. సోడా ఆరాక గోడల మీద తెల్లటి చారలు మిగులుతాయి. నీళ్లు కలిపిన వెనిగర్‌లో గుడ్డ ముంచి తుడిస్తే అవి పోతాయి. ముందు క్షారం, అది తన పని చేశాక ఆమ్లం. ఒకేసారి కలిపితే రెండూ వృథా.

ఇంకో ముక్క చెప్పుకుంటే లెక్క పూర్తవుతుంది. 1959లో హెర్బర్ట్ సినర్ అనే జర్మన్ రసాయన నిపుణుడు ఏ శుభ్రపరిచే పనికైనా నాలుగు భాగాలుంటాయని ఒక వృత్తం గీసి చూపించాడు: రసాయనం, వేడి, రాపిడి, సమయం. ఒకటి తగ్గితే మిగతావాటిలో ఏదో ఒకటి పెరగాలి. ఆయన దృష్టిలో ఉన్నది ఉతుకుడు, ఓవెన్‌కీ అదే వర్తిస్తుంది. సమయం తగ్గింది కాబట్టి ఏం పెంచాలి? రాపిడి పెంచితే గీతలు పడతాయి, భుజం నొప్పి పుడుతుంది. రసాయనం పెంచితే ప్రమాదం పెరుగుతుంది. మిగిలింది వేడి. ఓవెన్ పుట్టిందే వేడి చేయడానికి, అయినా చాలామంది దాన్ని చల్లగా ఉన్నప్పుడే తుడుస్తారు. ఇదొక్కటి మార్చుకుంటే సగం బాధ తీరుతుంది.

ముందు మీ ఇంట్లో ఉన్నది ఏ ఓవెనో చూడండి

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంట్లో ఓవెన్ అంటే ఎక్కువగా ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన చిన్న కరెంటు ఓవెన్), లేదా కన్వెక్షన్ మైక్రోవేవ్. ఇంటర్నెట్ చిట్కాల్లో ఎక్కువ భాగం అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉండే ఎనామిల్ పూత ఓవెన్ల కోసం రాసినవి. ఎనామిల్ అంటే ఉక్కు మీద కరిగించి పట్టించిన గాజు పూత. చాలా క్షారాలకి తట్టుకుంటుంది. ఓటీజీ లోపల గోడలు సాధారణంగా అల్యూమినియం పూతో, జింక్ పూతో ఉన్న రేకు. ఈ రెండు లోహాలనూ ఘాటైన క్షారం తినేస్తుంది. కాస్టిక్ స్ప్రే ఓటీజీలో కొడితే జిడ్డుతోపాటు పూత కూడా లేస్తుంది, ఆ తర్వాత తుప్పు. బట్టల సోడా కూడా ఆ గోడలకి వద్దు. అల్యూమినియం కేక్ గిన్నెల్ని బట్టల సోడా నీళ్లలో నానబెడితే నల్లగా మారిపోతాయి, అది జిడ్డనుకుని ఇంకా రుద్దేవాళ్లున్నారు.

ఓటీజీలో రాడ్లు బయటికే కనిపిస్తుంటాయి. లోహపు గొట్టం రాడ్ అయితే లోపల నైక్రోమ్ తీగ, దాని చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి నింపి ఉంటుంది. కరెంటు గొట్టానికి పాకకుండా ఆపేది ఆ పొడే. దానికి తేమ పీల్చుకునే గుణం ఉంది. రాడ్ కొసల్లో నుంచి తడి చేరితే కరెంటు లీకై, ఇంట్లో ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉంటే టక్కున పడిపోతుంది, లేకపోతే షాక్ కొట్టొచ్చు. అందుకని రాడ్ల మీద ఏదీ స్ప్రే చేయకూడదు. వాటి మీద పడిన జిడ్డు వేడికి దానంతటదే కాలిపోతుంది. మరీ అసహ్యంగా ఉంటే ప్లగ్ తీసి, చల్లారాక, బాగా పిండిన గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు.

అరగంట ఉంటే

ముందు ఓవెన్‌ను నాలుగైదు నిమిషాలు తక్కువ వేడి మీద పెట్టి ఆపేయండి, ప్లగ్ తీసేయండి. చెయ్యి లోపల పెడితే వెచ్చగా తగలాలి, కాలకూడదు. ఇది వేడెక్కుతుండగానే ర్యాక్, ట్రే బయటికి తీసి పెద్ద బేసిన్‌లో మరిగే నీళ్లు పోసి, గిన్నెల లిక్విడ్ వేసి ముంచేయండి. స్టీలు ర్యాకైతే రెండు చెంచాల బట్టల సోడా కూడా వేయొచ్చు. దాని సంగతి అది చూసుకుంటుంది. త్వరగా అంటే మన చేతులు తక్కువసేపు పనిచేయడమనే కానీ, నానాల్సింది నానకుండా పని అయిపోవడమని కాదు.

తర్వాత పొడిగా ఉన్నప్పుడే రాలిన ముక్కలు, పెళ్లలు ఊడ్చేయాలి. ఇది చాలామంది దాటేసే మెట్టు. తడి తగిలితే ఆ పొడంతా నల్ల ముద్దయి మూలల్లోకి దూరి పని రెట్టింపు చేస్తుంది. పాత పెయింట్ బ్రష్ దీనికి భలే ఉంటుంది. ఓటీజీ అడుగున జారుడు ట్రే ఒకటి ఉంటుంది. అది బయటికి వస్తుందని తెలియక ఏళ్ల తరబడి తీయనివాళ్లు బోలెడుమంది. మీ పొగలో సగం అక్కడి నుంచే కావచ్చు.

ఇప్పుడు వేడినీళ్లలో లిక్విడ్ కలిపి, మందపాటి గుడ్డ ముంచి, నీళ్లు కారకుండా పిండి, ఓవెన్ అడుగున పరచండి. ఎక్కువ మురికి ఉన్నచోట గుడ్డ తగిలేలా ఉంచి తలుపు వేసేయండి. పది నిమిషాలు. ఆ వెచ్చదనంలో ఆవిరి పట్టి తాజా జిడ్డంతా వదులవుతుంది, గోధుమరంగు పొర కూడా అంచుల దగ్గర మెత్తబడుతుంది. తలుపు వేసే ముందే అద్దానికి లోపలి వైపు వంటసోడా పేస్టు పూయండి. ఇక్కడ సోడాను వాడేది క్షారమని కాదు, గాజును గీరనంత మెత్తటి గరుకు కోసం. అద్దం ఇంకా వేడిగా ఉండగా చల్లటి నీళ్లు తగలనివ్వొద్దు, పగిలే ప్రమాదం ఉంది.

ఈ పది నిమిషాల్లో కూరగాయలు తరుక్కోండి, లేదా చుట్టాలకి ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చారో కనుక్కోండి.

తలుపు తీశాక ముందు గుడ్డతోనే అడుగు తుడవండి, తర్వాత గోడలు. గట్టిగా ఉన్నచోట గడువు తీరిన ఏటీఎం కార్డు ఏటవాలుగా పట్టి తోస్తే మెత్తబడిన పొర పాయలుగా లేస్తుంది. స్టీల్ పీచు మాత్రం వద్దు. ఎనామిల్ మీద గీతలు పడితే తర్వాతి జిడ్డు ఆ గీతల్లో ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పీచు నుంచి విరిగిన సన్నటి తీగలు ఓవెన్‌లో మిగిలిపోవడం ఇంకో తలనొప్పి, మైక్రోవేవ్‌లోనైతే నిప్పురవ్వలు కూడా వస్తాయి. తలుపు చుట్టూ ఉన్న గాస్కెట్‌ను రుద్దకండి, తడిగుడ్డతో అద్దితే చాలు. అది నలిగితే వేడి బయటికి పోతుంది. చివరిగా మంచినీళ్ల గుడ్డతో రెండుసార్లు, తెల్ల చారలుంటే వెనిగర్ నీళ్లతో ఒకసారి. ర్యాక్ కడిగి తుడిచి పెట్టేసి, తలుపు కొంచెం తీసి ఆరనివ్వండి. ఆరిందని నమ్మకం కుదిరాకే ప్లగ్ పెట్టి పది నిమిషాలు ఖాళీగా వేడిచేయండి.

అరగంట కూడా లేదా? అడుగూ, జారుడు ట్రే, ర్యాక్ మాత్రం చూసుకుని గోడల్ని వదిలేయండి. పొగ రాదు. అద్దం మీద ఒక్క గుడ్డ వేస్తే చూసేవాళ్లకీ బాగానే కనిపిస్తుంది.

మైక్రోవేవ్‌లో పని ఇంత తేలికెందుకు

మామూలు మైక్రోవేవ్ వేడిచేసేది ఆహారాన్ని, గోడల్ని కాదు. అందుకే గోడ మీద చిందిన పప్పు ఎండిపోతుందే తప్ప వార్నిష్ కాదు. ఒక గిన్నెలో నీళ్లు పోసి, అందులో చెక్క గరిటె ఉంచి, నాలుగైదు నిమిషాలు మరిగించి, ఇంకో ఐదు నిమిషాలు తలుపు తీయకుండా వదిలేస్తే గుడ్డకే వచ్చేస్తుంది. గరిటె ఎందుకంటే, నున్నటి గిన్నెలో నీళ్లు మరుగు కనిపించకుండానే మితిమీరి వేడెక్కి, కదిపిన క్షణంలో ఒక్కసారిగా ఎగజిమ్మగలవు. నిమ్మకాయ ముక్కలు వేయమంటారు, వేయండి, వాసన బాగుంటుంది. మురికిని వదిలించేది మాత్రం ఆవిరి. చేపల వాసన దగ్గర ఒక్కచోట నిమ్మకి నిజంగా పనుంది. ఆ నీచు వాసన ఇచ్చే అమైన్లు క్షారాలు, ఆమ్లం వాటిని కట్టేస్తుంది.

లోపల ఒక పక్క గోడకి అట్టముక్కలాంటి పలక కనిపిస్తుంది. అది మైకా. దాన్ని గీకొద్దు, నానబెట్టొద్దు. దాని మీద జిడ్డు పేరుకుని మాడితే నిప్పురవ్వలు వస్తాయి, అప్పుడు పలక మార్పించుకోవాలి. కన్వెక్షన్ మోడ్ వాడేవాళ్ల మైక్రోవేవ్ మాత్రం ఓవెన్ కిందే లెక్క. అందులో గోడలు కూడా కాలుతాయి, చిందిన నూనె కూడా కాలుతుంది.

స్ప్రేలు, సెల్ఫ్ క్లీన్, అద్దె ఇళ్లు

కాస్టిక్ స్ప్రే వాడాలనుకుంటే ఎనామిల్ ఓవెన్‌లో మాత్రమే, గ్లౌజులూ కళ్లజోడూ పెట్టుకుని, కిటికీలు తీసి. చల్లని ఓవెన్‌లో వాడాలా, గోరువెచ్చని ఓవెన్‌లోనా అన్నది డబ్బా మీద రాసి ఉంటుంది, దాన్ని మీరకూడదు. సెల్ఫ్ క్లీన్ ఓవెన్‌లో, లేదా గోడలు గరుకుగా ఉండే క్యాటలిటిక్ పలకల మీద వాడితే పూత పాడవుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, బ్లీచ్‌ను ఏ క్లీనర్‌తోనూ కలపొద్దు. వెనిగర్ తగిలితే క్లోరిన్ వాయువు, అమోనియా తగిలితే క్లోరమైన్లు. రెండూ ఊపిరితిత్తులకి హాని చేసేవే.

బొగ్గును కాల్చి బూడిద చేసే పద్ధతి సెల్ఫ్ క్లీన్. 1963లో జనరల్ ఎలక్ట్రిక్ దీన్ని అమెరికా మార్కెట్‌లోకి తెచ్చింది. తలుపు తాళం పడిపోతుంది, లోపల వేడి సుమారు 450 నుంచి 500 డిగ్రీల సెల్సియస్‌కి చేరుతుంది, రెండు నుంచి నాలుగు గంటల్లో అంతా బూడిద. చూడ్డానికి ఇదే సోమరుల స్వర్గం, కానీ టైమ్ లేని రోజుకి ఇది పనికిరాదు. గంటలు పడుతుంది, చల్లారడానికి ఇంకొంచెం. జిడ్డు ఎక్కువగా ఉంటే ఇల్లంతా పొగ, స్మోక్ అలారం మోత. ఆ వేడికి థర్మల్ ఫ్యూజ్ (వేడి మితిమీరితే కరెంటు ఆపేసే భాగం) పోతే తలుపు తెరుచుకోని ఓవెన్ మిగులుతుంది. పండగ ముందు రోజు దీని జోలికి వెళ్లకపోవడమే నయం. ఎప్పుడు వాడినా ర్యాక్‌లు బయటికి తీయండి, పెంపుడు పక్షులుంటే వేరే చోటికి మార్చండి. వాటి ఊపిరితిత్తులు ఆ పొగలకి తట్టుకోలేవు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తున్న తెలుగువాళ్లకి సమస్య ఇంకోలా ఉంటుంది. డిపాజిట్‌లో కోత పడే చోట్లలో ఓవెన్ ఒకటి, ఖాళీ చేసే రోజున దానికి ఇచ్చే టైమ్ దాదాపు సున్నా. అక్కడ చేతికి పని తగ్గించేది ముందు రాత్రే. ర్యాక్‌లను పెద్ద చెత్త సంచిలో పెట్టి, అరకప్పు గృహ అమోనియా పోసి, మూతి గట్టిగా కట్టి, పిల్లలకి అందకుండా బాల్కనీలో ఉంచండి. అమోనియా ఆవిరి రాత్రంతా జిడ్డులోకి దిగుతుంది. పొద్దున ముఖం దూరంగా పెట్టి బయటే సంచి విప్పి, ర్యాక్‌లను స్పాంజితో తుడిచి బాగా కడిగేయండి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్లు తలుపు తీయగానే కళ్లు పడేది ర్యాక్‌ల మీద, అద్దం మీద, ఓవెన్ అడుగు మీద. పై గోడనున్న పాత మచ్చ కోసం సామాన్ల ట్రక్కును ఆపక్కర్లేదు.